శ్రీ ‘సర్దుకుపోతాయిలే’ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

విజయనగరం నుంచి రాస్తున్నాను. మీ క్షేమం అడగను. మీకెప్పుడూ ఏమీ కాదు, అయితే గియితే అవతలివాళ్లకే అవుతుంది.

మీరు మా ఇంటికి కొత్తవారు కారు. కోడలికి కొత్తింట్లో కూర దగ్గర్నుంచి ఏదీ పడటం లేదని తెలిస్తే మొదట ఫోన్ చేసేది మీరే. నిండిపోయిన ఆటోలోకి ఇంకో ముగ్గుర్ని ఎక్కించేటప్పుడు డ్రైవర్ పక్కన ఒంటి తుంటి మీద కూర్చునేదీ మీరే. పైడితల్లమ్మ సిరిమాను జాతర రోజున మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలోకి పిల్లల్తో సహా మమ్మల్ని తోసిందీ మీరే. మనుషులు నోరుండీ మూసుకుంటారు కాబట్టి ఇన్నాళ్లూ మీ పేరు చెడలేదు. ఈసారి మాత్రం మీరు కుందేళ్ల జోలికి వచ్చారు.

మా ఇంట్లో రాజా అని ఒక మగ కుందేలుంది. దానికి తోడు కోసం బొబ్బిలి నుంచి ఒక ఆడదాన్ని తెచ్చాం. వీణలకి పేరుపడ్డ ఊరు కదా, ఊరికి తగ్గట్టు వీణ అని పేరు పెట్టాం. అట్టపెట్టె గుమ్మం దాటకముందే మా మావయ్యగారి నోట్లోంచి మీరు ఊడిపడ్డారు. “ఏటవుద్దమ్మా, రెండిట్నీ ఒకే బోనులో పడెయ్. రాత్రంతా కొట్టుకుంటాయి, తెల్లారేసరికి సర్దుకుపోతాయిలే!”

ఎవరు దొరికినా కూర్చోబెట్టి 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధం గురించి చెప్పే మనిషి ఆయన. ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు, బొబ్బిలి కోట, తాండ్ర పాపారాయుడు మా విజయనగరం రాజు విజయరామరాజు డేరాలోకి దూరడం, అన్నీ కళ్లకు కట్టినట్టు చెప్తారు. అంతటి చరిత్రకారుడి చేతే విజయనగరం కుందేలునీ బొబ్బిలి కుందేలునీ ఒక్క బోనులో పెట్టమని చెప్పించారంటే మీ పలుకుబడికి దండం.

కుందేలు చూడటానికి మెత్తగా ఉంటుంది కాబట్టి మనసూ మెత్తనే అనుకుంటారు మీరు. మనం పెంచుకునేది మన మెట్టల్లో ఒంటరిగా తిరిగే అడవి కుందేలు కాదు, యూరప్‌లో బొరియలు తవ్వుకుని గుంపులుగా బతికే జాతి. దానికి తోడు కావాలి, నిజమే. కానీ తన జాగాలోకి ముక్కూమొహం తెలియనిది వస్తే ఊరుకోదు, అదీ నిజమే. గడ్డం కింద దానికో గ్రంథి ఉంటుంది. ఆ గడ్డాన్ని బోను మూలలకీ, నీళ్ల గిన్నెకీ, మా కుర్చీ కాళ్లకీ రాసి, ఇదంతా నాదేనని రిజిస్ట్రేషన్ చేయించుకుంటుంది. అలాంటి బోనులోకి కొత్తదాన్ని పడేస్తే పారిపోవడానికి చోటుండదు. ముందు పళ్లతో చెవులు చీరేస్తాయి, వెనక కాళ్ల గోళ్లతో పొట్ట రక్కేస్తాయి. ఇంకా ఎక్కడెక్కడ కరుస్తాయో మర్యాదస్తులు చదివే ఉత్తరంలో రాయలేను.

మీ మాట నెగ్గిన ఇల్లూ ఒకటుంది, దాచడం ఎందుకు. మా మరిది ఆదివారం పూట రోడ్డు పక్కన లవ్ బర్డ్స్‌తో పాటు అమ్మేవాడి దగ్గర జత కుందేలు పిల్లల్ని కొన్నాడు. రెండూ ఆడవేనని వాడు గట్టిగా చెప్పాడు. పసివాటిలో ఆడామగా పోల్చడం తెలిసినవాళ్లకే కష్టం. అవి మాత్రం మీరు చెప్పినట్టే చక్కగా సర్దుకున్నాయి. కొన్నాళ్లకి ఒకటి తన ఒంటి బొచ్చే పీక్కుని గూడు కట్టడం మొదలుపెట్టాక అసలు సంగతి తెలిసింది. కుందేలు చూలు నెల రోజులే. ఈనిన రోజే మళ్లీ చూలు నిలవచ్చు. వెంటనే మగదాన్ని వేరే పెట్టమని నెత్తీనోరూ కొట్టుకున్నాను. “తండ్రిని పిల్లల నుంచి విడదీస్తారా” అని కళ్లనీళ్లు పెట్టుకున్నది ఎవరు? మీరు కాదూ! ఇప్పుడక్కడ పాత కూలర్ డబ్బాలో కూడా కుందేళ్లే.

అందుకే మేం మీ మాట పక్కన పెట్టి డాక్టరు గారి మాట విన్నాం. ముందు రెండిటికీ ఆపరేషన్. మగదానికి అయ్యాక కూడా నెల పైచిలుకు ఆడదానికి దూరంగా ఉంచాలి, పిల్లల్ని పుట్టించే శక్తి వెంటనే పోదు. ఆడదానికి చేయించకపోతే వయసు మీద పడేకొద్దీ గర్భసంచిలో క్యాన్సర్ ముప్పు. గరివిడిలో పశువైద్య కళాశాల ఉన్న జిల్లా మనది. అయినా “కుందేలుకి ఆపరేషనేటి, కూరకి పనికొచ్చీదాన్ని” అని మా వీధి వీధంతా నవ్వింది. నవ్వితే నవ్వారు, ముందు రాత్రి పస్తు పెట్టమని కూడా చెప్పారు. కుందేలు వాంతి చేసుకోలేదు, కాబట్టి మనిషికిలా దానికి పస్తు అక్కర్లేదు. పైగా కడుపు ఖాళీగా ఉంటే పేగుల కదలికే ఆగిపోయి ప్రాణం మీదికొస్తుంది. వీణ ఆపరేషన్‌కి తీసుకెళ్లేదాకా గరిక నములుతూనే ఉంది.

ఆ తర్వాత పక్కపక్కనే రెండు బోనులు, మధ్యలో నాలుగు వేళ్ల ఖాళీ. వాసన అందాలి, పన్ను అందకూడదు. దీని ట్రే దానికి, దాని గుడ్డ దీనికి మార్చాం. పొద్దున్నే పెంటికల ట్రేలు పట్టుకుని అటూఇటూ తిరుగుతుంటే అత్తయ్యగారు నన్ను చూసి దేవుడి గది తలుపు దగ్గరగా వేసేవారు.

ఎదురెదురుగా కలపాలంటే రెండిట్లో ఏదీ ఎప్పుడూ అడుగుపెట్టని చోటు కావాలి. మేడ మీది సామాన్ల గది ఖాళీ చేసి, కాళ్లు జారకుండా గోనెలు పరిచాం. కాసేపు కలపడం, గొడవ ముదరకముందే విడదీయడం. తోక లేచి చెవులు వెనక్కి వాలితే మధ్యలో చీపురు అడ్డం పెట్టాలి. చేతులకి మందపాటి తొడుగులు ఉండాల్సిందే. ఒకనాడు వీణ ఎక్కడానికి పోయి పోయి రాజా మీదికెక్కింది. అది పెత్తనం తేల్చుకోవడమేగానీ మీరనుకునే వ్యవహారం కాదు. మావయ్యగారు మాత్రం గొంతు సవరించుకుని మెట్లు దిగిపోయారు.

తర్వాత వచ్చింది అసలైన పంతం. ముందు నువ్వే నన్ను నాకాలని రెండూ తలలు నేలకానించి కూర్చున్నాయి. కుందేళ్లలో పెద్దరికం ఉన్నది నాకించుకుంటుంది, లేనిది నాకుతుంది. మధ్యలో పెట్టిన కొత్తిమీర కట్ట వాడిపోయింది గానీ ఒక్కటీ తల ఎత్తలేదు. ఆ రోజుకి విసుగొచ్చి దేని బోనులోకి దాన్ని పంపేశాం. ఎండలు ముదిరాయి, 30 డిగ్రీలు దాటితేనే వాటికి కష్టం కాబట్టి పగటి పూట మానేసి, గుడ్డ చుట్టిన ఐసు సీసాలు పక్కన పెట్టి తెల్లవారుజామునే కలిపాం. చివరికి రాజాయే తగ్గాడు. వీణ నుదురు నాకాడు, ఆవిడ కళ్లు మూసుకుని సేవలు స్వీకరించింది. ఇప్పుడు ఒకే ట్రేలో కూర్చుని ఒకే ఎండుగడ్డి లాక్కుంటున్నాయి. ఒకదానికి జబ్బు చేస్తే రెండో దాన్నీ ఆసుపత్రికి తీసుకెళ్లాలట. లేకపోతే తిరిగొచ్చిన దాని ఒంటి మీద కొత్త వాసన చూసి మళ్లీ తగువు మొదలవ్వొచ్చు.

మీ మీద కోపం దీనికి కాదు. రెండూ ఒరుసుకుని పడుకోవడం చూసి మావయ్యగారు మీ గొంతుతో ఏమన్నారో తెలుసా? “సర్దుకుపోతాయని నే ముందే సెప్పలేదేటి?” ఆపరేషన్ ఖర్చు, చీపురు, మందపాటి తొడుగులు, తెల్లవారుజాములు అన్నీ మావి. పేరు మీది. వీధిలో అందరూ మిమ్మల్నే మెచ్చుకుంటున్నారు.

నిన్న మా మరిది ఫోన్ చేశాడు. వాళ్లింట్లో ఎక్కువైపోయిన వాటిలో ఒకదాన్ని మాకు పంపిస్తాడట. “రెండున్న చోట మూడోది సర్దుకోదా వదినా” అన్నప్పుడు వెనకాల మీ దగ్గు వినిపించింది. మీరు దగ్గరుండి తీసుకొస్తానంటే నాకేం అభ్యంతరం లేదు. మేడ మీద గది తాళం ఇస్తాను, లోపలికి ముందు మీరే వెళ్లండి. తొడుగులు మాత్రం మీవి మీరే తెచ్చుకోవాలి.

ఇట్లు,
రాజా, వీణల తరఫున
గోనెలు దులిపే ఇల్లాలు