నీలాయ్‌లో ఖాళీ కుర్చీలు

"నాన్నా, రేసు ఆగిపోయిందా?"

మా అమ్మాయి అడిగింది. నాకూ అదే అనుమానం వచ్చింది కానీ పైకి అనలేదు. 2023 జూన్‌లో, మలేషియాలోని నీలాయ్‌లో ఉన్న వెలోడ్రోమ్‌కి, అంటే సైకిల్ పందేల హాలుకి, ఆసియా ట్రాక్ సైక్లింగ్ ఛాంపియన్‌షిప్ చూడ్డానికి వెళ్లాం. కింద చెక్క ట్రాక్ మీద ఇద్దరు కుర్రాళ్లు, ఒకడిది జపాన్, ఇంకొకడిది మలేషియా, ఏటవాలు గట్టు మీద సైకిళ్లు ఆపేసి నిలబడ్డారు. కాళ్లు పెడళ్ల మీదే ఉన్నాయి. ముందు చక్రం కాస్త పక్కకి తిప్పి, పెడల్‌ని వెంట్రుకవాసి అటూ ఇటూ కదుపుతూ పడిపోకుండా నిలుచున్నారు. ముందున్నవాడు భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు. వెనకున్నవాడు ఇతన్ని తప్ప ఇంకేమీ చూడట్లేదు. ఆ సైకిళ్లకి బ్రేకులుండవు, గేరు ఒక్కటే. చక్రం తిరుగుతున్నంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది, ఊరికే వదిలేసి కూర్చోవడం కుదరదు.

స్ప్రింట్ అనే ఈ ఇద్దరి పందెంలో ముందు వెళ్లేవాడు గాలిని చీల్చుకుంటూ పోవాలి. వెనకవాడు ఆ చాటున దాక్కుని, బలం మిగుల్చుకుని, ఆఖరి నిమిషంలో దాటేస్తాడు. అందుకని ముందుండటం ఇద్దరికీ ఇష్టం లేదు. నువ్వు వెళ్లంటే నువ్వు వెళ్లని మొండిపట్టు. ఉన్నట్టుండి పైనున్నవాడు గద్ద వాలినట్టు గట్టు మీంచి కిందికి దూకాడు. ఆ తర్వాత పది సెకన్ల పాటు చెక్కల మీద చక్రాల హోరు తప్ప ఏమీ లేదు. మా అమ్మాయి లేచి నిలబడి "మలేషియా బోలే!" (మలేషియా చేయగలదు) అని అరిచింది.

అంత అరుపూ హాలంతా మోగింది. ఎందుకంటే ఆ పొద్దుటి పూట మా వరుసలో మేం ముగ్గురమే ఉన్నాం.

ఫొటో తీసి ఇక్కడి మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పది నిమిషాల్లో ఆరు జవాబులొచ్చాయి. అందులో నాలుగింటి సారాంశం ఒకటే: "ఇండియాకి ఎన్ని మెడల్స్?" అప్పటికి తొలి రౌండ్లే నడుస్తున్నాయని చెప్పాను. "అయితే ఫైనల్స్ రోజు చెప్పండి" అన్నారు ఒకరు. ఈ వ్యాసం ఆయన కోసమే. పేరు రాయను, ఆయనకి తెలుసు.

ఆసియా ఛాంపియన్‌షిప్ అంటే ఒలింపిక్స్‌కి పేద చుట్టమని మనలో చాలామందికి ఒక అభిప్రాయం. ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ కింద ఐదు ఖండాల సమాఖ్యలున్నాయి. ప్రతి ఖండానికీ తన ఛాంపియన్‌షిప్ ఉంది. అక్కడ వచ్చే పాయింట్లు పెద్ద పోటీలకి దారి తెరుస్తాయి. అంతవరకు మెట్టు అన్న మాట నిజమే. కానీ ఆటని అర్థం చేసుకోవాలంటే ఇంతకంటే మంచి చోటు లేదంటాను. ప్రపంచ పోటీల్లో నెదర్లాండ్స్ పక్కన, బ్రిటన్ పక్కన మనవాళ్లని పెట్టి చూస్తే నిట్టూర్పు తప్ప ఏమీ మిగలదు. ఆసియా పోటీలో ఇరుగుపొరుగు కనిపిస్తారు. నిన్నమొన్నటి దాకా మనలాగే ఉన్నవాళ్లు ఏం చేసి ముందుకెళ్లారో కళ్ల ముందు తెలిసిపోతుంది.

మనం బతుకుతున్న ఈ దేశాన్నే తీసుకోండి. అజీజుల్‌హస్నీ అవాంగ్ పేరు ఇక్కడ టాక్సీ డ్రైవర్లకి కూడా తెలుసు. తెరెంగానులోని డుంగున్ నుంచి వచ్చిన పొట్టి మనిషి, ముద్దుపేరు పాకెట్ రాకెట్‌మన్. 2011లో మాంచెస్టర్ వరల్డ్ కప్‌లో కీరిన్ (ముందు ఒక మోటారు బండి వెనక తొక్కుతూ మొదలయ్యే పందెం) ఫైనల్లో సైకిళ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ట్రాక్ లోంచి లేచిన చెక్క పేడు, దాదాపు జానెడు పొడవుది, ఆయన పిక్కలో ఇటు నుంచి అటు దిగిపోయింది. ఆ కాలితోనే మళ్లీ సైకిలెక్కి గీత దాటి మూడో స్థానం తెచ్చుకున్నాడు. ఆ ఫొటో నేను ఒక్కసారే చూశాను, రెండోసారి చూడలేను.

మన చర్చలు సాధారణంగా ఆ పేడు దగ్గరే ఆగిపోతాయి. ఆహా, ఏం ధైర్యం అనుకుని వదిలేస్తాం. అసలు సంగతి దాని చుట్టూ ఉన్న ఏళ్లలో ఉంది. ఆయన ఏళ్ల తరబడి మెల్‌బోర్న్‌లో, జాన్ బీస్లీ అనే ఆస్ట్రేలియా కోచ్ దగ్గర శిక్షణ తీసుకున్నాడు. సొంత దేశంలో ఇండోర్ ట్రాక్ లేని కాలంలో కుర్రాళ్లని తీసుకెళ్లి ట్రాక్ ఉన్న ఊళ్లోనే ఉంచారు. 2016 రియోలో కాంస్యం, 2017లో హాంకాంగ్‌లో కీరిన్ ప్రపంచ ఛాంపియన్, టోక్యోలో రజతం. 2022లో గుండెకి పెద్ద ఆపరేషన్. మళ్లీ వచ్చి 2024 పారిస్‌లో మొదటి రౌండ్లోనే, ముందు నడిచే మోటారు బండిని తొందరపడి దాటినందుకు డిస్క్వాలిఫై. ఆ రాత్రి మా ఆఫీసు గ్రూపులో ఒక్క మెసేజీ లేదు, అందరూ చూస్తున్నారని మాత్రం తెలుసు. నీలాయ్‌లో ఇండోర్ వెలోడ్రోమ్ 2017కి గాని రాలేదు. కట్టిన మరుసటి ఏడాదే, 2018లో, ఆసియా పోటీలు అక్కడికి తెచ్చుకున్నారు. 2023లో మళ్లీ, 2025లో మళ్లీ.

జపాన్ కథ ఇంకో రకం. ఆ మోటారు బండి వెనక తిరిగే కీరిన్ అన్న ఆట పుట్టిందే జపాన్‌లో, 1948లో, కోకురా ఊళ్లో. యుద్ధంలో దెబ్బతిన్న ఊళ్లని తిరిగి కట్టుకోవడానికి డబ్బు కావాలి. సైకిల్ పందేల మీద పందెం కాయించి ఆ డబ్బు రాబట్టారు. చదవడానికి మనకి కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, మన ఇళ్లలో పందెం అంటే కోడిపందెం గుర్తొస్తుంది కాబట్టి. కానీ ఫలితం చూడండి. అక్కడ సైకిల్ తొక్కడం ఒక ఉద్యోగం. దానికో స్కూలు, పరీక్షలు, క్రమశిక్షణ, దాని మీద బతికే రెండు వేల మందికి పైగా రైడర్లు. కొయిచి నకానో 1977 నుంచి 1986 దాకా వరసగా పదిసార్లు స్ప్రింట్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడంటే ఆయన కాళ్లతో పాటు వెనక ఉన్న ఆ జీతం కూడా తొక్కిందని నేను అనుకుంటాను.

హాంకాంగ్ అయితే మరీ విడ్డూరం. సైకిల్ తొక్కడానికి చోటు దొరకని ఊరు. అక్కణ్ణుంచి వాంగ్ కామ్‌పో 1998, 2006, 2010 ఆసియా క్రీడల్లో రోడ్ రేసు స్వర్ణాలు కొట్టాడు. లీ వై సే 2012 లండన్‌లో కీరిన్ కాంస్యం, 2013లో 500 మీటర్ల ప్రపంచ టైటిల్ తెచ్చింది. అప్పటికి వాళ్ల ఊళ్లో ఇండోర్ వెలోడ్రోమ్ తెరవనే లేదు. చైనా నుంచి వచ్చిన షెన్ జిన్‌కాంగ్ అనే కోచ్‌ని పట్టుకుని, దశాబ్దాల పాటు వదల్లేదు. మనవాళ్లకి కోచ్‌ని మార్చడంలో ఉన్న హుషారు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది.

ఇప్పుడు భారత్ సంగతి. 2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఢిల్లీలో ఇందిరాగాంధీ స్టేడియం పక్కన 250 మీటర్ల చెక్క ట్రాక్ కట్టారు, ఏసీ హాలు. క్రీడలు అయిపోయాక కట్టడాలకి ఏ గతి పడుతుందో మనకి తెలుసు. దీన్ని మాత్రం, నెమ్మదిగానే అయినా, వాడుకున్నారు. అకాడమీ పెట్టి పిల్లల్ని వెతికారు. వాళ్లు దొరికింది పెద్ద నగరాల్లో కాదు. డెబొరా హెరాల్డ్ కార్ నికోబార్ పిల్ల. 2004 సునామీ వచ్చినప్పుడు తొమ్మిదేళ్లది, చెట్టు పట్టుకుని ప్రాణాలు దక్కించుకుంది. ఎసో ఆల్బెన్‌దీ అండమాన్ నికోబారే. 2018లో స్విట్జర్లాండ్‌లోని ఏగల్‌లో జూనియర్ ప్రపంచ పోటీల్లో కీరిన్ రజతం గెలిచాడు, ప్రపంచ స్థాయిలో భారత సైక్లింగ్‌కి అదే తొలి పతకం. 2019లో జూనియర్ టీమ్ స్ప్రింట్ స్వర్ణం వచ్చింది. ఆ జట్టులో మణిపూర్ కుర్రాడు రొనాల్డో సింగ్ ఉన్నాడు. పేరులో ఫుట్‌బాల్ ఉన్నా కాళ్లు మాత్రం సైకిల్‌వే. 2022 జూన్‌లో ఢిల్లీలో జరిగిన ఆసియా పోటీల్లో స్ప్రింట్ ఫైనల్‌కి చేరి, జపాన్‌కి చెందిన కెంతో యమసాకి చేతిలో ఓడి రజతం తీసుకున్నాడు. సీనియర్ స్ప్రింట్‌లో ఆ మెట్టు ఎక్కిన మొదటి భారతీయుడు.

ఆ రజతం వార్త కూడా మన గ్రూపులో పెట్టాను. "గోల్డ్ జస్ట్ మిస్" అన్నారు. జస్ట్ మిస్ ఏమిటండీ? నకానో దేశం నుంచి వచ్చినవాడితో, పన్నెండేళ్ల కిందట దేశంలో చెక్క ట్రాకే సరిగ్గా లేని చోట పెరిగినవాడు ఫైనల్ ఆడాడు. ఇందులో మిస్ అయింది ఎవరైనా ఉంటే చూడనివాళ్లు.

రోడ్ రేసు దగ్గరికొచ్చేసరికి లెక్క మారిపోతుంది. ఒకప్పుడు ఆసియా రోడ్, ట్రాక్ పోటీలు ఒకే చోట పెట్టేవారు. ఈమధ్య ఎక్కువగా విడివిడిగా జరుగుతున్నాయి. 2017లో ట్రాక్ ఢిల్లీలో, రోడ్ బహ్రెయిన్‌లో. ట్రాక్‌ని ఒక హాల్లో పెట్టి తలుపేసుకోవచ్చు. మంచి కోచ్, మంచి సైకిళ్లు, నలుగురు గట్టి పిల్లలుంటే నాలుగేళ్లలో ఏదో ఒకటి కనిపిస్తుంది. రోడ్ అలా కాదు. నూరు మంది గుంపులో మోచేతులు తగులుతుండగా నాలుగైదు గంటలు తొక్కాలి. ఎవడి వెనక దాక్కోవాలి, ఎప్పుడు ఊపిరి బిగబట్టాలి, తన నాయకుడి కోసం నీళ్ల సీసాలు మోస్తూ తన రేసు ఎప్పుడు వదులుకోవాలి, ఇవన్నీ హాల్లో నేర్పలేరు. రేసుల్లో తొక్కితేనే వస్తాయి. కజకిస్తాన్ రోడ్ మీద ఆసియాలో పెద్దన్న ఎలా అయిందంటే, వినోకురోవ్ లాంటివాళ్లు యూరప్ గుంపుల్లో ఏళ్లకేళ్లు నలిగారు. వాళ్ల చుట్టూ అస్తానా అనే ప్రొఫెషనల్ జట్టు పుట్టింది. 2012 లండన్ ఒలింపిక్ స్వర్ణం వచ్చేనాటికి వినోకురోవ్ వయసు ముప్పై ఎనిమిది.

మలేషియాకి 1996 నుంచి టూర్ డి లంకావీ ఉంది, రోజుకో స్టేజీ చొప్పున సాగే రోడ్ రేసు. గెంటింగ్ కొండెక్కే స్టేజీ రోజు రోడ్డు పక్కన నిలబడితే, మొదటి గుంపు వెళ్లిపోయిన చాలాసేపటికి, నోరు తెరుచుకుని, చొక్కా జిప్పు బొడ్డు దాకా దించుకుని, ఒంటరిగా వచ్చే రైడర్లని చూడొచ్చు. వాళ్లే నాకు ఎక్కువ నచ్చుతారు. ఆ రేసు మొదలైన పద్నాలుగేళ్లకి గాని, అంటే 2010కి గాని, ఒక మలేషియా రైడర్ స్టేజీ గెలవలేదు. అనువార్ మనాన్ ఆ గీత దాటేదాకా ఏటా పరాయివాళ్లు గెలుస్తుంటే చప్పట్లు కొడుతూనే ఉన్నారు. అంత ఓపిగ్గా, విదేశీ జట్లని ఏటా పిలుచుకుంటూ, ముప్పై ఏళ్లు నిలబెట్టిన స్టేజ్ రేసు భారత్‌కి లేదు. ఉంటే అందులో చిత్తుగా ఓడి ఓడి నేర్చుకునేవారు. ఓడటానికి చోటు లేకపోవడమే భారత రోడ్ సైక్లింగ్‌కి ఉన్న అసలు లోటు అంటాను.

సంఘం మీటింగులో ఈ మాటంటే ఒక పెద్దాయన, "అదంతా సరే బాబూ, సైకిల్ తొక్కి పిల్లలు ఏం సంపాదిస్తారు?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. జపాన్‌లో అయితే జవాబుంది. మన దగ్గర రైల్వేలోనో సైన్యంలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం, అంతే. మా అమ్మాయిని సైక్లిస్టుని చేస్తానని నేనూ అనట్లేదు. తనకి ట్రాక్ మీద ఆ గట్టు చూస్తేనే కళ్లు తిరిగాయి. వంపుల దగ్గర అది నలభై డిగ్రీలకి పైగా వాలి ఉంటుంది, టీవీలో ఆ సంగతి అసలు తెలియదు. నేను అడిగేది తొక్కమని కాదు, చూడమని. అందులోనూ ఫైనల్స్ కాదు, పొద్దుటి క్వాలిఫయింగ్. అక్కడ చిన్న దేశాల నుంచి వచ్చిన రైడర్లు 200 మీటర్లు ఒంటరిగా తొక్కి, బోర్డు మీద తమ టైమ్ చూసుకుని, సొంత రికార్డు మెరుగైతే పిడికిలి బిగిస్తారు. ఆ రోజుకి వాళ్ల పోటీ అయిపోయినట్టే. ఆ పిడికిలి ఫైనల్స్ రోజు వెళ్తే కనబడదు.

ఇక మా ఇంట్లో తేలని పంచాయితీ ఒకటుంది. ఆ రోజు భారత్ జెర్సీ ట్రాక్ మీదికొస్తే నేను లేచాను, మలేషియా జెర్సీ వస్తే మా అమ్మాయి లేచింది. మొదట నాకు మనసులో ఎక్కడో చివుక్కుమంది, అబద్ధమెందుకు. ఇక్కడ పుట్టిన పిల్ల, ఇక్కడి బళ్లో చదువుతోంది, ఇంకెవరి కోసం అరుస్తుంది? మధ్యాహ్నానికి తను నా కుర్రాళ్ల టైములు కూడా చూడ్డం మొదలుపెట్టింది, "నాన్నా, మీవాడు పర్లేదు" అని సర్టిఫికెట్ కూడా ఇచ్చింది. మా ఆవిడ మాత్రం రెండు పార్టీల్లోనూ చేరలేదు. ఆవిడకి హాంకాంగ్ అమ్మాయిలు నచ్చారు.

సంక్రాంతికి క్రికెట్ మ్యాచ్ పెడతాం, కొత్త సినిమా వస్తే హాలు మొత్తం బుక్ చేస్తాం. నీలాయ్‌కి ఈసారి ఆసియా పోటీలు వచ్చినప్పుడు సంఘం తరఫున ఒక బస్సు పెడదామని కమిటీలో ప్రతిపాదించాను. పొద్దున్నే బయల్దేరాలి, క్వాలిఫయింగ్ అందుకోవాలి. బస్సుకి నలభై మంది కావాలన్నారు. ఇప్పటికి ఏడుగురం ఉన్నాం, అందులో ముగ్గురు మా ఇంట్లోవాళ్లే.