మైళ్ళు చూసి వేలం ధర చెప్పొచ్చా? ఆ సందేశానికి జవాబు

అమెరికాలో మన తెలుగువాళ్ళ గ్రూపుల్లో ఈ మధ్య ఒక సందేశం చేతులు మారుతోంది. పాత అమెరికన్ మజిల్ కారు (పెద్ద ఇంజిన్ పెట్టిన వేగం బండి) వేలంలో ఎంత పలుకుతుందో ఎవరైనా ముందే లెక్కగట్టొచ్చని దాని సారాంశం. పద్ధతి కూడా చెప్పారు. ఆ మోడల్ ఎన్ని తయారయ్యాయో చూడాలి, మీటరు మీద ఎన్ని మైళ్ళున్నాయో చూడాలి, అలాంటి బండి పోయినసారి ఎంతకు పోయిందో తెలుసుకుని ఏడాదికి పది శాతం చొప్పున కలుపుకుంటూ పోవాలి. "అరుదైన బండి, తక్కువ మైళ్ళు, ఈ రెండూ ఉంటే ధర తగ్గే ప్రశ్నే లేదు, షేర్ల కంటే భద్రం" అని చివర్లో భరోసా. ఈ లెక్క నమ్మి ఇంటి మీద అప్పు తెచ్చి కారు కొనేవాళ్ళు ఉంటారు. ఆ భయంతోనే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"తక్కువ తయారైతే ఎక్కువ పలుకుతుంది" అన్నది మొదటి మాట. షెవర్లే కంపెనీ 1969 కమారో జెడ్‌ఎల్1 చరిత్ర తెలిసినవాళ్ళు ఈ మాట ఇంత ధీమాగా అనరు. పూర్తిగా అల్యూమినియంతో పోసిన 427 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ ఉన్న ఆ కమారోలు 69 మాత్రమే వచ్చాయి. వాటిలో 50 ఇల్లినాయి రాష్ట్రంలో లాహార్ప్ అనే చిన్న ఊళ్ళో షెవర్లే డీలరుగా ఉన్న ఫ్రెడ్ గిబ్ ఆర్డరిచ్చినవే. ఆ ఇంజిన్ కోసమే 4,160 డాలర్లు అదనంగా కట్టాలి. మొత్తం ధర 7,200 డాలర్లు దాటింది. ఆ డబ్బుతో అప్పట్లో మామూలు కమారోలు రెండు వచ్చేవి. కొనేవాళ్ళు లేక గిబ్ చాలా బళ్ళను కంపెనీకి తిప్పి పంపాల్సి వచ్చింది. అప్పుడున్నది ఆ 69 బళ్ళే, ఇప్పుడూ అంతకు మించి లేవు. కానీ అప్పుడు డీలరు గుండెల మీద కుంపటిగా ఉన్న బండి కోసమే ఇప్పుడు కలెక్టర్లు పోటీ పడుతున్నారు. సంఖ్యలో లేని మార్పు ధరలో ఎలా వచ్చిందో ఆ సూత్రం చెప్పలేదు.

"ఈ రంగు, ఈ గేరుబాక్సు, ఈ సీటు బట్ట కలిసినది లోకంలో ఇదొక్కటే" అని వేలం కేటలాగుల్లో రాస్తుంటారు. ఆ కలయిక ఎవరికీ నచ్చకపోవడం వల్ల కూడా ఒక్కటే తయారై ఉండొచ్చు.

వేలం ఎలా నడుస్తుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది. 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలకు పోయింది. లడ్డూ బరువు చూసి ఆ అంకె ఊహించగలిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పాట ఎక్కడ ఆగుతుందో తేల్చేది గెలిచినవాడికి ముందు తప్పుకున్న మనిషి. కార్ల వేలంలోనూ అంతే. ఒకాయన పది లక్షల డాలర్లు పెట్టడానికి సిద్ధంగా వచ్చినా, రెండో ఆయన రెండు లక్షల దగ్గర చెయ్యి దించేస్తే, రిజర్వు ధర (ఇంతకు తగ్గితే అమ్మనని యజమాని పెట్టుకునే అంకె) లేని బండి రెండు లక్షల చిల్లరకే పోతుంది. ఆ రెండో ఆయన ఆ రోజు ఆ హాల్లో ఉన్నాడా, అంతకుముందు గంటలోనే వేరే బండి కొనేసి డబ్బు ఖర్చుపెట్టుకున్నాడా, ఇవన్నీ ధరను మారుస్తాయి. సందేశం ఇచ్చిన సూత్రంలో ఆ మనిషికి చోటే లేదు.

ఇక మైళ్ళ సంగతి. అందరూ ఎక్కువగా నమ్మేది ఈ మాటనే కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుతాను.

మైళ్ళు తక్కువగా ఉండటం వేరు, అలాంటి బండి అరుదుగా దొరకడం వేరు. 1978లో షెవర్లే కంపెనీ ఇండియానాపొలిస్ రేసులో పోటీ కార్లకు ముందు నడిచే పేస్ కారు నమూనాలో నలుపు, వెండి రంగుల కార్వెట్‌లు 6,502 అమ్మింది. స్టిక్కరు ధర, అంటే కంపెనీ పెట్టిన ధర, 13,653 డాలర్లు. రేపు బంగారమవుతుందని జనం అంతకంటే ఎక్కువిచ్చి మరీ కొన్నారు, ప్లాస్టిక్ కవర్లయినా తీయకుండా షెడ్లలో పెట్టారు. అందరూ దాచారు కాబట్టి మైళ్ళు తిరగని పేస్ కార్లు కోకొల్లలుగా మిగిలాయి. ఆ 13,653 డాలర్లను ద్రవ్యోల్బణంతో లెక్కేస్తే ఇప్పటి డబ్బులో 60 వేలు దాటుతుంది. దాచిన బళ్ళలో ఎక్కువ భాగం అంత తెచ్చిపెట్టలేదు. 1987 బ్యుయిక్ జీఎన్ఎక్స్ విషయంలోనూ ఇదే జరిగింది. చేసినవి 547 మాత్రమే, డాష్‌బోర్డు మీద వరస నంబరు పలక కూడా ఉంటుంది. ముందునుంచే దాచిపెట్టడానికి కొన్నారు కాబట్టి, జీఎన్ఎక్స్‌లలో తక్కువ మైళ్ళ బండి వింతేమీ కాదు. దాని ధర బాగానే పెరిగింది, నిజమే. అయితే అక్కడ మైళ్ళు వందల్లో ఉన్నాయా పదుల్లో ఉన్నాయా అన్న దాని మీద కూడా బేరం నడుస్తుంది. వేరే మోడల్‌లో ముక్కున వేలేసుకునే అంకె ఇక్కడ మామూలు అంకె. 2023లో వచ్చిన కొత్త తరం మజిల్ కారు డాడ్జ్ డెమన్ 170లను కొని కవరు కప్పి పెట్టినవాళ్ళు ఈ రెండు కథలూ ఒకసారి చదువుకోవాలి.

"అయితే 2013లో అదే పేస్ కారు 80 వేలకు పోయింది కదా" అని ఎవరైనా అడగొచ్చు. పోయింది. ఆ వేలం నెబ్రాస్కా రాష్ట్రంలోని పియర్స్‌లో జరిగింది. మూతపడిన ఒక షెవర్లే డీలరు దశాబ్దాలుగా అమ్మకుండా వదిలేసిన సుమారు 500 బళ్ళను అక్కడి పొలంలో వరసగా నిలబెట్టి పాడారు. 4 మైళ్ళు తిరిగిన 1978 పేస్ కారు 80 వేల డాలర్లు, 1.3 మైళ్ళే తిరిగిన 1958 షెవర్లే కేమియో పికప్ లక్షా 40 వేల డాలర్లు పలికాయి. చిన్న ఊరికి వేలమంది వచ్చారు, టీవీ వాళ్ళు వచ్చారు, లోకమంతా చూసింది. ఆ వాతావరణంలో పుట్టిన ధరలవి. అదే పేస్ కారు మామూలు వేలంలో, మామూలు శనివారం, సాధారణంగా అందులో సగం దగ్గర తచ్చాడుతుంది. ఆ 80 వేలను పునాదిగా పెట్టుకుని పది శాతం కలుపుకుంటూ పోయినవాడు మొదటి మెట్టు మీదే తప్పటడుగు వేసినట్టు.

మీటరును నమ్మడం మీద ఇంకో ఇబ్బంది ఉంది. 1960లు, 70ల నాటి మజిల్ కార్లలో మైళ్ళ మీటరుకు అయిదంకెలే. లక్ష దాటితే మళ్ళీ సున్నా నుంచి మొదలు. 12,000 అని కనిపించేది 1,12,000 కావచ్చు. మీటరు వెనక్కి తిప్పడాన్ని నిషేధిస్తూ అమెరికా 1972లో చట్టం తెచ్చింది. అయితే అమ్మేటప్పుడు మైళ్ళు రాసివ్వాలన్న నిబంధన నుంచి అంత పాత బళ్ళకు మినహాయింపు ఉంది. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద "మినహాయింపు" అని ఉంటే ఆ మైళ్ళకు ప్రభుత్వం పూచీ లేదన్నమాటే. అందుకే పెద్ద కొనుగోలుదార్లు మీటరును పక్కన పెట్టి పాత సర్వీసు బిల్లులు, తనిఖీ స్టిక్కర్లు, మొదటి టైర్లు, పెడళ్ళ రబ్బరు అరుగు చూస్తారు. పెడల్ రబ్బరు అరిగిపోయి మీటరు మాత్రం 9,000 చూపిస్తుంటే, పాట పాడాల్సిన ఆ రెండో మనిషి చెయ్యి ఎత్తడు.

మైళ్ళు నిజమే అనుకుందాం. తిరగని బండి బాగున్న బండి అవ్వాలని ఎక్కడా లేదు. ఓక్లహోమాలోని టల్సాలో 1957లో కొత్త ప్లిమత్ బెల్వెడేర్‌ను కోర్టు ఆవరణలో కాంక్రీటు గది కట్టి అందులో పాతిపెట్టారు, 50 ఏళ్ళ తర్వాత తీసి బహుమతిగా ఇద్దామని. 2007లో తవ్వితే లోపల నీళ్ళు నిండి ఉన్నాయి, బండి తుప్పు ముద్దయింది. దాదాపు మైళ్ళే లేని కారు అది. అంత దారుణం జరగకపోయినా, ఏళ్ళ తరబడి కదలని బండిలో పెట్రోలు జిగురుగా మారి కార్బ్యురేటర్‌ను మూసేస్తుంది, సీళ్ళు ఎండి పగులుతాయి, బ్రేకు పైపుల్లో తేమ చేరుతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. వాటిని మారిస్తే "ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంది" అన్న మాట పోతుంది. మార్చకపోతే బండి నడవదు. కొన్నాయనకు నడిపే స్వేచ్ఛ కూడా ఉండదు, నడిపిన ప్రతి మైలూ తాను డబ్బు పోసి కొన్న దాన్నే కరిగిస్తుంది కాబట్టి. బండిని ప్రేమించేవాళ్ళకు ఇది నిజంగా బాధ కలిగించే స్థితి.

మైళ్ళు తిరిగిన బండి రికార్డు కొట్టిన సందర్భం కూడా ఉంది. 1968లో హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్‌క్వీన్ "బుల్లిట్" సినిమా కోసం నడిపిన ఆకుపచ్చ మస్టాంగ్‌ను 1974లో ఒక కుటుంబం 6,000 డాలర్లకు కొని మామూలు ఇంటి కారులా వాడింది. రంగు వెలిసి, గీతలు పడి, బాగుచేయించకుండానే 2020 జనవరిలో ఫ్లోరిడాలోని కిస్సిమీలో మీకమ్ సంస్థ వేలానికి వచ్చింది. పాట 34 లక్షల డాలర్ల దగ్గర ముగిసింది. అప్పటికి ఏ మస్టాంగూ అంత పలకలేదు.

ఇంతకీ ఆ సందేశంలో ఒక్క ముక్క కూడా లేనిది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, కాగితం. 1969 కమారో ఛాసిస్ నంబరు చూస్తే వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) బండా కాదా అన్నంత వరకే తెలుస్తుంది, ఏ వీ8 ఇంజినో తెలియదు. జనరల్ మోటార్స్ నంబర్లలో ఆ వివరం 1972 నుంచే వచ్చింది. కాబట్టి మామూలు కమారోను, దానిలోనే ఖరీదైన రకం జెడ్/28గా మార్చి అమ్మడం తేలిక, అలాంటివి లెక్కలేనన్ని ఉన్నాయి. 1970, 71 ప్లిమత్‌లో అయితే నంబరులో అయిదో అక్షరం "ఆర్" ఉంటేనే అది హెమీ (క్రైస్లర్ కంపెనీ పేరుమోసిన శక్తివంతమైన ఇంజిన్) బండి. బండి ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో చెప్పడానికి ఫోర్డుకు మార్టీ రిపోర్టు, పాంటియాక్‌కు పీహెచ్ఎస్ పత్రాలు, క్రైస్లర్ బళ్ళకు ఫెండర్ ట్యాగు, బ్రాడ్‌కాస్ట్ షీటు ఆధారాలుగా నిలుస్తాయి. ఇంజిన్ బ్లాకు మీద కొట్టిన నంబరు ఛాసిస్‌తో కలుస్తోందా, ఆ ముద్ర ఫ్యాక్టరీదా, తర్వాత ఎవరైనా కొట్టిందా అన్నది తేల్చడానికే నిపుణులను పెట్టుకుంటారు. ఈ కాగితాలున్న 40,000 మైళ్ళ బండిని, కాగితాల్లేని 4,000 మైళ్ళ బండి కంటే ఎక్కువమంది ధైర్యంగా పాడతారు.

"పోయినసారి ధరకు ఏడాదికి పది శాతం కలపండి" అన్నదానికి ఒకే బండి మూడు వేలాల చరిత్ర చాలు. కోబ్రా కార్లను తయారుచేసిన కారల్ షెల్బీ సొంతానికి చేయించుకున్న 1966 కోబ్రా 427 సూపర్ స్నేక్ 2007లో 55 లక్షల డాలర్లకు అమ్ముడైంది. సందేశం ప్రకారం 2015కల్లా కోటి దాటాలి. 2015లో 51 లక్షల చిల్లరకు పోయింది. 2021లో మళ్ళీ వేలానికి వస్తే, కొన్నవాళ్ళు కట్టే రుసుము కలిపి 59 లక్షల చిల్లరకు పోయింది. అదే కారు, అదే చరిత్ర, పద్నాలుగేళ్ళు. 2007లో మార్కెట్టు పొంగు మీదుంది. మరుసటి ఏడాది ఆర్థిక సంక్షోభం వచ్చింది, మజిల్ కార్ల ధరలు బాగా పడిపోయాయి. కుర్రతనంలో ఈ బళ్ళను చూసి కలలు కన్న తరం ఇప్పుడు డెబ్భైలు దాటుతోంది. వాళ్ళ తర్వాతివాళ్ళ కలల్లో 1990ల జపాన్ కార్లున్నాయి. ఈ మార్పును ఏ శాతమూ పట్టుకోలేదు.

ఇంకొకటి. వేలం హాల్లో తెర మీద కనిపించిన ప్రతి అంకె అమ్మకం కాదు. 1971 ప్లిమత్ హెమీ కుడా కన్వర్టిబుళ్ళు (పైకప్పు తెరుచుకునేవి) డజనుకు మించి లేవు. వాటిలో ఒకటి 2014లో సియాటిల్‌లో 35 లక్షల డాలర్లకు పోయింది. 2021లో ఇండియానాపొలిస్‌లో మరొకదానికి పాట 48 లక్షల దాకా వెళ్ళింది, అయినా యజమాని ఒప్పుకోలేదు, బండి అమ్ముడవలేదు. కొన్ని వార్తల్లో ఆ 48 లక్షలే ధరలా తిరిగింది. ఆ రోజు అమ్ముడవని ధరను ఆధారంగా తీసుకుంటే దాని మీద కట్టే లెక్క అంతా గాల్లోదే.

చివరిది, "షేర్ల కంటే భద్రం". ఉదాహరణకు మీరు పాడిన బండి మీద 2,00,000 డాలర్ల దగ్గర సుత్తి పడిందనుకోండి, అంటే పాట ముగిసిందనుకోండి. వేలం సంస్థ కొన్నవాళ్ళ దగ్గర తీసుకునే పది శాతం బయ్యర్స్ ప్రీమియంతో మీరు కట్టేది 2,20,000. పేపర్లో వచ్చే ధర కూడా అదే. కొన్నేళ్ళకు అమ్మితే 2,50,000 దగ్గర సుత్తి పడింది. పేపర్లో ప్రీమియం కలిపి 2,75,000 అని వేస్తారు. చూసినవాళ్ళు 55,000 లాభం అనుకుంటారు. మీ దగ్గర వేలం సంస్థ ఎనిమిది శాతం కమిషను పట్టుకుంటే మీ చేతికొచ్చేది 2,30,000, లాభం పదివేలు. అందులోంచే ఆ ఏళ్ళన్నిటి ఇన్సూరెన్సు, తేమ చేరని గ్యారేజీ అద్దె, వేలం ఊరి దాకా ట్రక్కు కిరాయి పోవాలి. పన్ను లెక్కలో లాభం మిగిలితే, ఏడాది దాటి ఉంచుకున్న షేర్ల మీద ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 20 శాతం ఉండే చోట, ఇలాంటి కలెక్టబుల్స్ (సేకరణ వస్తువులు) మీద 28 శాతం దాకా కట్టాలి.