ఎగ్మూరులో ఉన్న కోడూరు

స్టేషన్ బోర్డు మీద ‘కోడూరు’ అనే ఉంటుంది. జనం నోట మాత్రం అది రైల్వే కోడూరు. తెలుగునాట కోడూర్లు చాలా ఉన్నాయి. ఈ ఊరికి రైలే ఇంటిపేరయింది.

ఆ ఇంటిపేరు పెట్టింది ఒకరకంగా మన మద్రాసే. 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా దక్షిణాదిలో తొలి ప్రయాణికుల రైలు నడిచింది. తర్వాత అరక్కోణం నుంచి వాయవ్యంగా వేసిన లైను రేణిగుంట, కోడూరు, కడప మీదుగా సాగి, 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. అప్పట్లో ఇంజన్లకు కావాల్సింది కట్టెలు, పట్టాల కిందికి కర్ర స్లీపర్లు. మద్రాసు ప్రెసిడెన్సీలో అడవుల అధికారిగా క్లెగ్‌హార్న్‌ను నియమించింది కూడా 1856లోనే. రైలూ అటవీ శాఖా ఒక ఈడువే అన్నమాట! 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక, తాతల నాటి నుంచి మేకలు తోలిన కొండే ‘రిజర్వు’ అయింది. కట్టెపుల్లకూ పర్మిట్టే.

ఆ కొండల్లో పెరిగే ఎర్రచందనం కథ ఇంకా పాతది. రంగు కోసం ఓడల్లో ఐరోపాకు వెళ్లింది, షామిసెన్ వాద్యం కోసం జపాన్‌కు వెళ్లింది. ఇప్పుడు కోడూరు పేరు పేపర్లో కనిపించేది దుంగలు పట్టుబడినప్పుడే. ఆ తప్పులో మా పత్రికకూ వాటా ఉంది. 2015 ఏప్రిల్‌లో శేషాచలం అడవిలో పోలీసు కాల్పులకు 20 మంది తమిళ కూలీలు బలైనప్పుడు కూడా, ఆ చెట్టు చుట్టూ నూటయాభై ఏళ్లుగా ఏం జరిగిందో ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు.

అడిగితే జవాబు దూరంలో లేదు. 1953లో, కోడూరు అప్పుడున్న కడప జిల్లా ఆంధ్రలో కలిసినా, ప్రెసిడెన్సీ నాటి కాగితాలు చాలావరకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనే ఉన్నాయి. అవి ఇంగ్లీషులో ఉన్నాయి, కోడూరు పెద్దల జ్ఞాపకాలేమో తెలుగులో ఉన్నాయి. ఈ రెండూ ఇంతవరకు ఎదురుపడలేదు.

కడప జిల్లా అటవీ, రైల్వే ఫైళ్లను స్కాన్ చేయించే ఒప్పందానికి ఆంధ్ర ప్రభుత్వం చొరవ చూపాలి. చెన్నై తెలుగు సంఘాలు ఉగాదికి కప్పే శాలువాల ఖర్చులో కొంత తగ్గించుకుని, ఇద్దరు పరిశోధక విద్యార్థులకు ఒక ఏడాది స్టైపెండ్ ఇవ్వొచ్చు. ఒకరు ఎగ్మూరులో ఫైళ్ల జాబితా రాయాలి, ఇంకొకరు కోడూరులో దుంగలు మోసినవాళ్ల, రైల్వే గేట్లు వేసినవాళ్ల ఇళ్లకు వెళ్లాలి. రెండోది ముందు మొదలుపెట్టాలి. ఫైళ్లు ఇంకొన్నాళ్లు ఆగుతాయి.