బజ్జీల బండి పక్కన పౌష్టికాహారం

ప్రజలకు మంచి తిండి గురించి చెప్పాలంటే ముందు ఆటో ఇంజను బాగుండాలి. మొన్న సాయంత్రం ఒడిశాలోని మా పర్లాకిమిడి బజారులో ప్రచారానికి బయలుదేరిన ఆటో (ఎవరు పంపారో అడగకండి, మేము ఇదే ఊళ్లో బతకాలి) సరిగ్గా మిరపకాయ బజ్జీల బండి పక్కన మొరాయించింది. ఇంజను ఆగింది గానీ మైకు ఆగలేదు.

ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి రికార్డు తిరుగుతోంది. ఒడియా ముక్కలు హాయిగా అర్థమయ్యాయి. తెలుగుతోనే వచ్చింది చిక్కు. "మహాజనులారా! దినమునకు 5 గ్రాములకు మించి లవణమును స్వీకరింపకుడు! తైలమును మితముగా వినియోగింపుడు!" వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది ఈ ఊళ్లో ఉండే. వినకుండానే వెళ్లిపోయారు, అదృష్టవంతులు.

మైకు మోగితే మనవాళ్లు ఆగుతారు. ఆగిన చోట బజ్జీలు వేగుతుంటే ఊరికే నిలబడరు. మా వీధి మాస్టారికి రక్తపోటు.

"మైకులో ఏమి చెబుతున్నారో విన్నారా, మాస్టారూ?" అన్నాను.

"వింటూనే ఉన్నాను బాబూ. వినడానికి నోటితో పనేముంది?" అంటూ రెండో బజ్జీ తుంచారు.

ఆటో వెనక డ్రమ్ము నిండా చోడి (రాగి) అంబలి. ఉచితం. వంద గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉందని, వరిలా నీళ్లు తాగే పంట కాదని, ఒడిశాలో 2017లోనే మిల్లెట్ మిషన్ మొదలైందని, ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిందని రికార్డు గొంతు చించుకుంది. కొండల మీది సవర గిరిజనులకు ఈ పాఠం అక్కర్లేదు. బజారువాళ్లు మాత్రం గ్లాసు వైపు కన్నెత్తి చూడలేదు.

అంతలో కొత్త వాయి దిగింది. ఆ మిరపకాయలు ఏ తోటవో గానీ మాస్టారి కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు. బండివాడి బిందెలోనే లేవు.

"ఆ డ్రమ్ములో ఏముంది నాయనా?"

"చోడి అంబలండీ."

"ఏదైతేనేం, పొయ్యి!"

ఆయన వెనక బజారంతా వరస కట్టింది. పావుగంటలో డ్రమ్ము అడుగు కనిపించింది. చివర దొరకనివాళ్లు డ్రైవరును తిట్టారు కూడా. అతను బజ్జీల బండి పడకుండా ఫోటోలు తీసుకున్నాడు. "ప్రజల నుంచి విశేష స్పందన" అని నివేదిక వెళ్లిందట. వచ్చే వారం రెండు డ్రమ్ములు పంపుతారట. ఆ కబురు వినగానే బజ్జీలవాడు కారం మిరపకాయలు మరో బస్తాకు బయానా ఇచ్చి వచ్చాడు.