ఏ లెవెల్ (A Level) ఇంగ్లీష్ లాంగ్వేజ్ మీద తిరుగుతున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

ఆగస్టు చివర్లో జీసీఎస్ఈ (పదహారేళ్లకి రాసే స్కూల్ పరీక్షలు) రిజల్ట్స్ వచ్చే వారం దగ్గరపడిందంటే చాలు, ఇంగ్లండ్‌లో ఉన్న మన తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: పిల్లల్ని సిక్స్త్ ఫామ్‌లో (జీసీఎస్ఈ తర్వాత ఏ లెవెల్ చదివే రెండేళ్లు) ఇంగ్లీష్ లాంగ్వేజ్ తీసుకోనివ్వకండి, అది జీసీఎస్ఈలో చదివిన గ్రామరే, తేలిక సబ్జెక్ట్, మంచి యూనివర్సిటీలు దాన్ని లెక్కలోకి తీసుకోవు, ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లలు ఇక్కడి పిల్లలతో పోటీ పడలేరు, దాంతో ఉద్యోగాలు రావు, అంతగా ఇంగ్లీషే కావాలంటే లిటరేచర్ తీసుకోమనండి. రాసినవాళ్ల పేరు ఉండదు. కానీ అది చదివి కంగారుపడి, పిల్ల ఇష్టంగా ఎంచుకున్న సబ్జెక్ట్‌ని ఎన్‌రోల్‌మెంట్ రోజున మార్పించేవాళ్లు ఉన్నారు. ఈ సబ్జెక్ట్‌ని సిక్స్త్ ఫామ్‌లో చెప్పేదాన్ని కాబట్టి నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"జీసీఎస్ఈ గ్రామరే మళ్లీ చదివిస్తారు, తేలిక."

ఈ మాట రాసినవాళ్లు ఏ లెవెల్ ప్రశ్నపత్రం ఒక్కసారి కూడా తెరిచి చూసినట్టు లేదు. జీసీఎస్ఈ ఇంగ్లీష్ లాంగ్వేజ్ అంటే ఇచ్చిన పేరా చదివి జవాబులు రాయడం, కథో వర్ణనో వ్యాసమో సొంతంగా రాయడం. ఏ లెవెల్‌కి వచ్చేసరికి పేరు అదే గానీ లోపల సబ్జెక్ట్ వేరు. అక్కడ ఉండేది భాషాశాస్త్రం. ఎక్కువ స్కూళ్లు తీసుకునే ఏక్యూఏ బోర్డునే చూడండి: రెండున్నర గంటల పేపర్లు రెండు, ఒక్కోటి 40 శాతం, మిగతా 20 శాతం పిల్లలు సొంతంగా చేసే ప్రాజెక్ట్. మొదటి పేపర్లో ఒకే విషయం మీద రెండు రచనలిస్తారు, అందులో ఒకటి పాతకాలంది, వాటిలో భాష ఎలా పనిచేస్తోందో విడదీసి చూపించాలి. తర్వాత పిల్లలకి భాష ఎలా వస్తుందన్న ప్రశ్న. రెండో పేపరంతా ప్రాంతాన్నిబట్టి, వర్గాన్నిబట్టి, వయసునిబట్టి, కాలాన్నిబట్టి ఇంగ్లీష్ ఎలా మారుతుందన్నదాని మీదే.

పిల్లల భాష గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ సబ్జెక్ట్ రుచి తెలిసేది అక్కడే. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు చిన్నపిల్లలకి పిట్టలాంటి ఒక బొమ్మ చూపించి, "దీని పేరు వగ్" అని చెప్పింది. అలాంటి పేరు ఇంగ్లీష్‌లో లేదు, అప్పటికప్పుడు కల్పించింది. తర్వాత అవే పిట్టలు రెండున్న బొమ్మ చూపించి, "ఇప్పుడు ఇక్కడ రెండు..." అని ఆపేసింది. పిల్లల్లో ఎక్కువమంది "వగ్జ్" అని పూర్తిచేశారు. అంతకుముందు ఆ మాట వాళ్లు ఎవరి నోటా వినలేదు, వినే వీలే లేదు. పైగా "క్యాట్స్" అన్నప్పుడు పలికే స కాకుండా, "డాగ్జ్" అన్నప్పుడు పలికే జ శబ్దమే పెట్టారు, అది కూడా ఎవరూ నేర్పకుండానే! అంటే పిల్లలు విన్నది విన్నట్టు తిరిగి అనడం మాత్రమే చేయట్లేదు, లోపల ఒక నియమం కట్టుకుంటున్నారు. "మౌసెస్" అనీ "హోల్డెడ్" అనీ మూడేళ్ల పిల్ల అన్నప్పుడు మనం నవ్వేసి సరిదిద్దుతాం గానీ, నియమం పట్టుబడిందనడానికి ఆ తప్పే సాక్ష్యం. అనుకరణ వల్లే, మెచ్చుకోవడం వల్లే భాష వస్తుందన్న మనస్తత్వవేత్త స్కిన్నర్ వాదం మీద భాషావేత్త చామ్‌స్కీ 1959లో రాసిన విమర్శకి ఇలాంటి సాక్ష్యం ఎంత బలమిస్తుందో, ఎక్కడ చాలదో మా పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు పరీక్షలో తేల్చాలి. చేతిలో ఒక ట్రాన్స్‌క్రిప్ట్ ఉంటుంది, తల్లీపిల్లల మాటలు ఉన్నదున్నట్టు, ఆగిన చోట్లతో సహా. దాన్ని ఆధారం చేసుకుని రాయాలి. కంఠతా పట్టి గట్టెక్కే పని కాదు.

తేలిక అన్నదానికి ఇంకో జవాబు కూడా ఉంది. ఈ సబ్జెక్ట్‌లో ఏ స్టార్ (A*, అన్నిటికంటే పై గ్రేడ్) తెచ్చుకునేవాళ్ల శాతం అన్ని ఏ లెవెల్స్ సగటు కంటే బాగా తక్కువ. ఎలాంటి పిల్లలు తీసుకుంటారన్నది కూడా అందులో ఉంటుంది కాబట్టి దాన్ని బట్టే ఇది మ్యాథ్స్ కంటే కష్టమని నేననను. కానీ సులువుగా ఏ స్టార్ కొట్టేయొచ్చని ఎవరైనా తీసుకుంటే మాత్రం దెబ్బతింటారు.

"మంచి యూనివర్సిటీలు లెక్కలోకి తీసుకోవు."

ఈ మాట ఎక్కడి నుంచి పుట్టిందో చెప్తాను. రసెల్ గ్రూప్ అని పిలిచే, పరిశోధనకి పేరున్న బ్రిటన్ యూనివర్సిటీలు 2011లో సబ్జెక్టుల ఎంపిక మీద ఒక గైడ్ వేశాయి. అందులో "ఫెసిలిటేటింగ్ సబ్జెక్ట్స్" అని ఒక జాబితా ఉండేది: మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, హిస్టరీ, జాగ్రఫీ, ఇతర భాషలు, ఇంగ్లీష్ లిటరేచర్. ఇంగ్లీష్ లాంగ్వేజ్ అందులో లేదు, నిజమే. కానీ ఆ జాబితాకి అర్థం, డిగ్రీ కోర్సులు ఫలానా సబ్జెక్ట్ తప్పనిసరి అని ఎక్కువగా అడిగేవి ఇవీ అని మాత్రమే. అందులో లేనివి పనికిరానివని కాదు. ఎకనామిక్స్ కూడా ఆ జాబితాలో లేదు. కంప్యూటర్ సైన్స్ కూడా లేదు. మనవాళ్లలో ఎవరైనా ఆ రెండిటినీ పనికిరాని సబ్జెక్టులంటారా? చివరికి జనం దాన్ని ఇలాగే అపార్థం చేసుకుంటున్నారని 2019లో రసెల్ గ్రూపే ఆ జాబితాని తీసేసింది. తీసేసి ఇన్నేళ్లయినా మన గ్రూపుల్లో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

ఇక యూకాస్ (యూనివర్సిటీ దరఖాస్తులు చూసే సంస్థ) పాయింట్ల సంగతి. A గ్రేడ్‌కి 48 పాయింట్లు, అది ఫిజిక్స్‌లో వచ్చినా ఇంగ్లీష్ లాంగ్వేజ్‌లో వచ్చినా అంతే. లా డిగ్రీకి చాలా యూనివర్సిటీలు ఫలానా సబ్జెక్టే ఉండాలని పట్టుబట్టవు. మెడిసిన్‌కి కెమిస్ట్రీ, చాలాచోట్ల బయాలజీ కావాలి, ఆ రెండూ ఉంటే మూడోది పిల్లల ఇష్టానికి వదిలేసే మెడికల్ స్కూళ్లు బోలెడు.

ఒక్క చోట మాత్రం ఆ మెసేజ్ చెప్పింది సరైనదే. మీ అమ్మాయి ఆక్స్‌ఫర్డ్ లాంటి చోట ఇంగ్లీష్ డిగ్రీ చదవాలనుకుంటే లిటరేచర్ గానీ, రెండూ కలిసిన లాంగ్వేజ్ అండ్ లిటరేచర్ గానీ ఉండాలి, ఒట్టి లాంగ్వేజ్ సరిపోదు. అలాగే ఇంజినీరింగ్‌కి మ్యాథ్స్, ఫిజిక్స్ వదులుకుని దీన్ని తీసుకోమని ఎవరూ చెప్పరు. డిగ్రీకి అడిగే సబ్జెక్టులు ముందు, తర్వాతే మిగతావి.

"ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఇక్కడి పిల్లలతో పోటీ పడలేరు."

అన్నిటికంటే నాకు కోపం తెప్పించే మాట ఇదే. చదివిన పిల్లల మనసులో ఇది ఉండిపోతుంది. ఈ పరీక్షలో చూసేది ఉచ్చారణ ఎంత బాగుందని కాదు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అసలే కాదు. భాషని బయటి నుంచి చూడగలరా అన్నదే చూస్తారు. రెండు భాషల మధ్య పెరిగిన పిల్లలకి ఆ చూపు కొంత ముందే అలవాటై ఉంటుంది. తాతయ్యతో ఒకలా, క్లాస్‌లో ఒకలా, కజిన్స్‌తో ఇంకోలా మాట్లాడటం వాళ్లకి రోజూ ఉన్న పనే. దానికి శాస్త్రంలో ఉన్న పేర్లు, సిద్ధాంతాలు నేర్పడమే మా పని.

ఒక ఉదాహరణ. 1962లో విలియం లేబోవ్ అనే భాషావేత్త న్యూయార్క్‌లో మూడు డిపార్ట్‌మెంట్ స్టోర్లకి వెళ్లాడు. సాక్స్ బాగా ఖరీదైనది, మేసీస్ మధ్యరకం, క్లైన్ చౌక. నాలుగో అంతస్తులో ఏమేం దొరుకుతాయో ముందే తెలుసుకుని, అవి ఎక్కడుంటాయని ఉద్యోగుల్ని అడిగేవాడు. "ఫోర్త్ ఫ్లోర్" అని వాళ్లు చెప్పేవాళ్లు. వినపడనట్టు మళ్లీ అడిగేవాడు, ఈసారి వాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా పలికేవాళ్లు. ఆ రెండు మాటల్లో ర పలికారా లేదా అన్నది పక్కకి వెళ్లి రాసుకునేవాడు. సాక్స్‌లో ర ఎక్కువ వినపడింది, క్లైన్‌లో తక్కువ. అంటే అక్కడ ర పలకడం హోదాకి గుర్తు. ఇంగ్లండ్‌లో తిరగేసి చూడండి, ఇక్కడ హోదా ఉన్న ఉచ్చారణలో "కార్", "వాటర్" చివర ర వినపడదు. మన అమ్మానాన్నలు ఆ ర స్పష్టంగా పలుకుతారు, ఆఫీసులో ఎవరైనా అదోలా చూస్తే అది తమ లోపమేమో అనుకుంటారు. ఒక శబ్దం ఒక ఊళ్లో గొప్ప, ఇంకో ఊళ్లో నామోషీ అయినప్పుడు గొప్పతనం శబ్దంలో లేదు, జనం దానికి కట్టిన విలువలో ఉందని పదిహేడేళ్ల పిల్ల ఆధారాలతో రాయగలిగితే, ఆ చదువు ఆమెకి ఎంత మేలు చేస్తుందో ఆలోచించండి.

ప్రాజెక్ట్‌కైతే మన ఇళ్లలో ఉన్నంత సరంజామా చాలామందికి దొరకదు. "ఆ ట్యాబ్ ఛార్జ్ చెయ్యమ్మా" అని నానమ్మ అంటే, "పెట్టాను నానమ్మా, బట్ ఇట్స్ నాట్ ఛార్జింగ్" అంటుంది మనవరాలు. నానమ్మ ఇంగ్లీష్ క్రియని తెచ్చి దానికి "చెయ్యి" తగిలించింది, అంతేగానీ ఆ క్రియకే తెలుగు ప్రత్యయం అతికించలేదు. మనవరాలు "బట్" దగ్గర గేటు దాటినట్టు దాటి మిగతా వాక్యమంతా ఇంగ్లీష్‌లోకి వెళ్లిపోయింది. ఇద్దరూ కలిపే మాట్లాడారు, కానీ కలిపిన తీరు వేరు. ఎందుకు? ఏ తరం ఎక్కడ భాష మారుస్తుంది? ఇంట్లోవాళ్ల అనుమతి తీసుకుని, రికార్డ్ చేసి, పేర్లు మార్చి, ట్రాన్స్‌క్రిప్ట్ రాసుకుంటే 2,000 పదాల పరిశోధనకి కావలసినంత ఉంటుంది. ప్రశ్న ఇంగ్లీష్ వాడకం మీద ఉండేలా చూసుకుని, ముందే టీచర్‌తో మాట్లాడుకోవాలి, అంతే.

రెండో పేపర్లో "కుర్రాళ్లు ఇంగ్లీష్‌ని పాడుచేస్తున్నారు" అన్నట్టుండే పత్రికా రచనలిచ్చి, వాటిని విశ్లేషించమని, తర్వాత అదే విషయం మీద సొంతంగా వ్యాసం రాయమని అడుగుతారు. ఈ గొడవ మనకి కొత్తా? గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే తెలుగే బడిలో ఉండాలని పోరాడినప్పుడు గ్రాంథికవాదులు అన్నది ఇదే కదా, భాష చెడిపోతుందని! ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకునే ఇంట్లో పెరిగిన పిల్లకి, భాష మారడమంటే పాడవడం కాదని జీన్ ఎయిచిసన్ అనే భాషావేత్త 1996 బీబీసీ రీత్ ఉపన్యాసాల్లో చెప్పింది మొదటి రోజే అర్థమవుతుంది.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఏడాది కిందటే హైదరాబాద్ నుంచి వచ్చి, ఇంగ్లీష్‌లో పొడవైన వ్యాసాలు రాయడం ఇంకా అలవాటు కాని పిల్లలకి ఇది బరువే. అయితే ఆ కష్టం రాత అలవాటుతో వచ్చేది, తెలుగుతో వచ్చేది కాదు. హిస్టరీ తీసుకున్నా అదే కష్టం ఉంటుంది.

"ఉద్యోగాలు రావు."

స్పీచ్ అండ్ లాంగ్వేజ్ థెరపిస్టులు ఎన్‌హెచ్‌ఎస్‌లో (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ), స్కూళ్లలో పనిచేస్తారు, డిగ్రీ చేసి రిజిస్టర్ అవ్వాలి. మాట ఆలస్యమైన పిల్లాడి మాటల్ని రాసుకుని అందులో ఏముందో, ఏం లేదో చూడటం ఆ పనిలో పెద్ద భాగం, మా క్లాసులో చేసేది దానికి మొదటి మెట్టు. కోర్టు కేసుల్లో ఒక బెదిరింపు ఉత్తరం ఎవరు రాసి ఉంటారని భాషని బట్టి పరిశీలించే ఫోరెన్సిక్ లింగ్విస్టిక్స్‌కి బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ యూనివర్సిటీలో ప్రత్యేకంగా ఒక ఇన్‌స్టిట్యూట్ ఉంది. కంప్యూటర్ వైపు వెళ్లాలంటే, మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనే కంప్యూటర్ సైన్స్‌నీ కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌నీ కలిపి చదివే డ్యూయల్ డిగ్రీ ఉంది. అలాగని ఇంగ్లీష్ లాంగ్వేజ్ ఒక్కటీ చదివితే అటు వెళ్లిపోవచ్చని చెప్పను. దానికి మ్యాథ్స్ కావాలి. మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ పక్కన మూడోదిగా ఇది తీసుకున్న పిల్లలు చెడిపోరని మాత్రం గట్టిగా చెప్తాను.

"ఇంగ్లీషే కావాలంటే లిటరేచర్."

నవలలు, నాటకాలు, కవితలంటే ప్రాణమిచ్చే పిల్లలైతే నిస్సందేహంగా లిటరేచరే తీసుకోమనండి, లాంగ్వేజ్‌లో వాళ్లకి అవి దొరకవు. కథలకంటే మనుషులు ఎలా మాట్లాడుకుంటారన్నదే వింతగా తోచే పిల్లల్ని బలవంతంగా లిటరేచర్‌లో కూర్చోబెట్టడం మాత్రం న్యాయం కాదు. గౌరవం పేరుతో అసలే వద్దు.

ఎన్‌రోల్‌మెంట్‌కి వెళ్లేముందు స్కూల్ వాళ్లని రెండు అడగండి: ఏ బోర్డు, ఈ ఏడాది క్లాస్ కచ్చితంగా నడుస్తుందా? చేరేవాళ్లు తక్కువైతే కొన్నిచోట్ల క్లాస్ ఎత్తేస్తున్నారు. బోర్డు వెబ్‌సైట్‌లో పాత ప్రశ్నపత్రాలు ఉచితంగానే ఉంటాయి, పిల్లల భాష మీద ట్రాన్స్‌క్రిప్ట్ ఉన్నది ఒకటి ప్రింట్ తీసి, పక్కన కూర్చోకుండా, మీ అబ్బాయి చేతికో అమ్మాయి చేతికో ఇచ్చి ఓ అరగంట వదిలేయండి. తిరిగొచ్చి "ఈ పిల్ల ఇలా ఎందుకంది?" అని మిమ్మల్నే ప్రశ్నలు వేస్తే ఫారంలో ఇంగ్లీష్ లాంగ్వేజ్ రాయించండి. విసుగొచ్చి పక్కన పడేస్తే ఎకనామిక్సో హిస్టరీయో చూసుకోండి. ఎటూ తేలకపోతే, సెప్టెంబర్‌లో మొదటి కొన్ని వారాల్లో సబ్జెక్ట్ మార్చుకోనిస్తారేమో ఆ రోజే అడిగి పెట్టుకోండి.