గదిలో పెట్టి తలుపేస్తే కుక్కా పిల్లీ కలిసిపోవు

"కుక్క ఉన్న ఇంటికి పిల్లిని తెచ్చుకున్నారా? టెన్షన్ పడకండి. రెండింటినీ ఒక గదిలో పెట్టి గంటసేపు తలుపేయండి, వాటికవే సర్దుకుంటాయి. పిల్లిని మెడ పట్టుకుని కుక్క మూతి దగ్గర పెట్టి వాసన చూపించండి. కుక్క మీదికొస్తే ఒక్కటి తగిలించండి. ఒకే పళ్ళెంలో తిండి పెట్టండి. గోమార్ల (పిడుదుల) మందు కూడా రెండింటికీ ఒకటే చాలు."

విజయనగరం, శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల్లో చక్కర్లు కొడుతున్న మెసేజ్ ఇది. కింద "మా ఇంట్లో ఇలాగే కుదిరింది" అని సాక్ష్యాలు కూడా. ఇందులో ప్రతి లైనూ తప్పే. ఒక లైనైతే పిల్లి ప్రాణం తీస్తుంది.

ముందు ఆ గది సంగతి. గంట తర్వాత తలుపు తీస్తే చప్పుడు ఉండదు, నిజమే. పిల్లి బీరువా మీదో అటక మీదో ఉంటుంది. చెవులు తలకి అతుక్కుపోయి, కంటిపాప గుండ్రంగా విచ్చుకుని, ఒళ్ళంతా ముడుచుకుని, పిలిచినా కదలదు. పారిపోవడానికి దారి లేనప్పుడు పిల్లి చేసేది అదే, బిగుసుకుపోవడం. కింద కుక్క కూడా అరవదు. ఒళ్ళు కర్రలా బిగించి, రెప్ప వేయకుండా పైకే చూస్తుంటుంది. తోక ఊపుతోంది కదా అని మురిసిపోవద్దు. వేటకి సిద్ధమైన కుక్క కూడా తోక ఊపుతుంది. ఇంట్లోవాళ్ళు మాత్రం ఆ నిశ్శబ్దం చూసి రాజీ కుదిరిందనుకుంటారు.

పిల్లి కిందికి దూకిన క్షణంలో ఏదైనా జరగొచ్చు. కుక్క కరిచి విదిలిస్తే పిల్లి చర్మం మీద చిన్న గాటే కనబడుతుంది, లోపల కండ చీలిపోయి ఉంటుంది, పక్కటెముకలు విరిగి ఉండొచ్చు. రక్తం కారలేదని ఊరుకోకుండా వెంటనే పశువుల డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాలి. కుక్కకీ ముప్పే, పిల్లి గోరు తగిలితే కన్ను పోవచ్చు. భయంతో తిండి మానేసిన పిల్లికి రెండు మూడు రోజుల్లోనే కాలేయం దెబ్బతినడం మొదలవుతుంది. మధ్యలో విడదీయబోయి మీకు పంటి గాటు పడితే, కరిచింది పిల్లే కదా అని వదిలేయకండి. రేబిస్ పిల్లి కాటుతోనూ వస్తుంది. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆసుపత్రికెళ్ళి టీకా వేయించుకోండి. అసలు రెండింటికీ రేబిస్ టీకా వేయించాకే పరిచయాల మాట.

మరి ఎలా కలపాలి? మన పల్లెల్లో వీధి అరుగు నుంచి వెనక దొడ్డి దాకా గది వెనక గదిగా సాగే వరస ఇళ్ళు ఇందుకు భలే అనువు. వెనక గది పిల్లికి ఇచ్చేయండి. అందులోనే తిండి, నీళ్ళు, మలమూత్రాలకి ఒక ప్లాస్టిక్ బేసిన్లో ఇసుక. కుక్క పడుకునే గుడ్డ పిల్లి గదిలో, పిల్లిది కుక్క దగ్గర వేయండి. మూసిన తలుపుకి అటొకటి ఇటొకటి గిన్నెలు పెట్టి, ముందు దూరంగా, తింటున్నకొద్దీ దగ్గరగా జరపండి. అవతలి వాసన వస్తే తిండి వస్తుందని రెండింటికీ ఒంటబట్టాలి. ఆ తర్వాతే చూపులు. కుక్క మెడకి గొలుసు ఉండాలి, పిల్లికి మాత్రం ఎక్కి కూర్చోవడానికి ఎత్తైన చోటూ బయటికి పోయే దారీ ఉండాలి. కొన్ని ఇళ్ళల్లో వారంలో కుదురుతుంది, కొన్నిట్లో నెలలు పడుతుంది. ఎంత తొందరగా అన్నది పిల్లే తేల్చాలి.

మెడ పట్టుకుని మూతి దగ్గర పెట్టడం గురించి చెప్పేదేముంది? వాసనకి గుడ్డ చాలు. ఎదిగిన పిల్లిని మెడ పట్టి ఎత్తితే మీ చెయ్యి చీరుకుపోతుంది, దానికి మీ మీదున్న నమ్మకం పోతుంది.

"ఒక్కటి తగిలించండి" అన్నది ఇంకా అన్యాయం. దెబ్బ తిన్న కుక్కకి అర్థమయ్యేది ఒక్కటే, ఈ పిల్లి కనబడినప్పుడల్లా నాకు దెబ్బలు పడుతున్నాయని. కక్ష అక్కడే పుడుతుంది. దాని బదులు పిల్లి వైపు చూస్తున్న కుక్కని పేరు పెట్టి పిలవండి. చూపు తిప్పి మీ వైపు చూసిందా, ఉప్పు లేకుండా ఉడికించిన చేప ముక్క, ముల్లు తీసి, నోట్లో పెట్టండి. తిప్పకపోతే దూరం చాలలేదని అర్థం, గొలుసు పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళండి.

ఒకే పళ్ళెం అసలు వద్దు. నెమ్మదైన కుక్క కూడా పళ్ళెం దగ్గర గుర్రుమంటుంది. పైగా మన ఇళ్ళల్లో కుక్కకి పెట్టే పెరుగన్నం పిల్లికి సరిపోదు. మాంసం, చేపల్లో దొరికే టారిన్ అనే పోషకం లేకపోతే పిల్లికి గుండే కళ్ళూ దెబ్బతింటాయి. పిల్లి గిన్నె గట్టు మీద పెట్టండి. ఇసుక బేసిన్ కూడా కుక్కకి అందకూడదు.

ఇక గోమార్ల మందు. కుక్కల మెడ మీద వేసే చుక్కల మందులు చాలావాటిలో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. కుక్కకి ఏమీ కాదు. పిల్లి ఒంట్లో ఆ విషం విరగదు. వణుకు, ఫిట్స్, ఆపై చావు. కుక్కకి వేసిన మందు ఆరకముందే పిల్లి దానికి ఆనుకుని పడుకున్నా ప్రమాదమే. పిల్లికి ఏ మందు వేయాలన్నా మీ పశువుల ఆసుపత్రిలో అడగండి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాలే ఉంది. ఈ లైను ఉన్న మెసేజ్‌ని దయచేసి ఎవరికీ పంపకండి, పంపినవాళ్ళకి తప్పని చెప్పండి.

"మా ఇంట్లో కుదిరింది" అనేవాళ్ళు అబద్ధం చెబుతున్నారనను. చిన్నప్పుడే కలిసి పెరిగితే తేలిగ్గానే కుదురుతుంది. పిల్లి కూనలకి రెండు నుంచి ఏడు వారాల వయసు, కుక్క పిల్లలకి మూడు నుంచి 12 వారాల దాకా కొత్తవాటిని చేరదీసే వయసు. కానీ అలా కుదిరిన ఇళ్ళే గ్రూపుల్లో మాట్లాడతాయి. తలుపు తీసేసరికి పిల్లి చచ్చి ఉన్న ఇంటివాళ్ళు స్టేటస్ పెట్టరు.

కుక్క ఎదురుగా ఉన్నా పిల్లి తిని, ఒళ్ళు విరుచుకుని, కాళ్ళు చాపి పడుకునే దాకా వాటిని ఒంటరిగా వదలకండి. పిల్లుల్ని తరిమి చంపే అలవాటు పడ్డ కుక్కనైతే ఎన్నటికీ వదలొద్దు. విజయనగరం పైడితల్లి సిరిమాను సంబరానికి ఇంటిల్లిపాదీ బయల్దేరుతుంటే ముందు రెండింటినీ వేరువేరు గదుల్లో పెట్టి, గొళ్ళెం పడిందో లేదో చూసుకుని వెళ్ళండి.