525 రెట్ల మాహాత్మ్యం

కొత్తగా టెలిస్కోప్ కొన్నవారికి మొట్టమొదట దర్శనమిచ్చే ఖగోళ అద్భుతం అట్టపెట్టె మీదే ఉంటుంది. దాని పేరు 525. పక్కన గుణకార చిహ్నం, అంటే బొమ్మను అన్ని రెట్లు పెద్దది చేస్తుందని, వెనక నిండుగా వలయాలు తొడుక్కున్న శనిగ్రహం. ఆ బొమ్మ ఈ గొట్టంలోంచి తీసిందని ఎక్కడా రాసి ఉండదు. అంతరిక్ష నౌక తీసిందనీ రాసి ఉండదు. కొనేవారి ఊహాశక్తి మీద ఇంత గౌరవం ఉన్న వ్యాపారం ఇంకొకటి ఉంటే చూపించండి.

అయినా కొందరు నిపుణులు పనిగట్టుకుని ఈ అంకె పరువు తీస్తున్నారు. కొత్తవారిని చేరదీసి, తక్కువ ఆవర్ధనం (బొమ్మ పెరిగే రెట్లు) చాలు, రెండు మంచి ఐపీసులు (కన్ను ఆనించి చూసే కటకాలు) చాలు, కూర్చోవడానికి కుర్చీ ఉంటే చాలు అని చెవిలో ఊదుతున్నారు. ఇలా అందరూ చాలు చాలు అంటూ పోతే అనుబంధ వస్తువుల పరిశ్రమ ఏం కావాలి? దాని తరఫున నాలుగు మాటలు చెప్పేవారు లేరు కాబట్టి ఆ భారం నేను ఎత్తుకుంటున్నాను.

ముందు లెక్క చూద్దాం. టెలిస్కోప్ నాభ్యంతరాన్ని, అంటే కటకం నుంచి వెలుతురు ఒకచోట చేరే బిందువుకు ఉన్న దూరాన్ని, ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఆవర్ధనం వస్తుంది. గొట్టానిది 700 మి.మీ. పెట్టెలో వచ్చిన బుల్లి ఐపీసుది 4 మి.మీ. భాగిస్తే 175. దానికి ఆ పెట్టెలోనే ఉన్న మూడు రెట్ల బార్లో కటకం తగిలిస్తే 525. ఇందులో అబద్ధం ఎక్కడుంది? గొట్టం 900 మి.మీ. అయితే 675 అని వేస్తారు, అదీ సత్యమే. తప్పు భాగహారంలో లేదు, వెలుతురులో ఉంది అంటారు నిపుణులు. గొట్టం ముందుండే 60 మి.మీ. వస్తుకటకం పోగుచేసే వెలుతురుకూ, విడదీసి చూపే వివరానికీ ఒక హద్దు ఉందట. కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెండింతలు, అంటే మహా అయితే 120 రెట్లు. ఆపైన బొమ్మ పెరుగుతుంది గాని కొత్త వివరం ఒక్కటీ చేరదు, మసకా చీకటీ మాత్రం చేరతాయి. గాలి నిలకడగా లేని రాత్రి పెద్ద టెలిస్కోపు కూడా 200 రెట్ల దగ్గరే ఆగిపోవలసి వస్తుంది. సరే, ఒప్పుకుందాం. మరి మిగతా 405 రెట్లు ఏమయ్యాయని అడగడం మాత్రం మర్యాద కాదు. అవి తయారీదారు కానుక.

చరిత్ర వైపు నుంచి చూసినా మన పెట్టెదే పైచేయి. గెలీలియో 1610లో సుమారు 20 రెట్ల గొట్టంతో గురుడి నాలుగు ఉపగ్రహాలను కనిపెట్టాడు. హైగెన్స్ 1655లో దాదాపు 50 రెట్లతో శని ఉపగ్రహం టైటాన్‌ను పట్టుకున్నాడు. విలియం హెర్షెల్ 1781 మార్చి 13న యురేనస్‌ను గుర్తించినప్పుడు వాడుతున్నది 227 రెట్ల ఐపీసు. ముగ్గురివీ కూడితే 297. పిల్లలకు బహుమతిగా ఇచ్చే గొట్టం ఒక్కటే వీళ్ళందరినీ దాటిపోయింది. అది ఇంతవరకు ఒక్క గ్రహాన్నైనా ఎందుకు కనిపెట్టలేదన్నది వేరే చర్చ.

పైగా పెట్టెతో పాటు ఒక ప్రదర్శనశాల ఉచితంగా వస్తుంది, ఆ సంగతి ఎవరూ చెప్పరు. 20 మి.మీ. ఐపీసు మీద హెచ్ అనే అక్షరం ఉంటే అది ఆ హైగెన్స్ పేరే. 17వ శతాబ్దంలో మీటర్ల పొడవున్న గొట్టాల కోసం ఆయన రూపొందించిన అమరిక. 4 మి.మీ. ఐపీసు మీద ఉండే ఎస్ఆర్‌లో రెండో అక్షరం ఇంగ్లండు పరికరాల తయారీదారు రామ్స్‌డెన్‌ది, 18వ శతాబ్దం. ఆ తరవాత కటకాల శాస్త్రంలో జరిగిన పరిణామాల బాధ కొనుగోలుదారుకు తగలకుండా తయారీదారు ఎంతో జాగ్రత్త పడ్డాడు.

ఎస్ఆర్ 4 గురించి ఇంకా చెప్పాలి, ఎందుకంటే ఎందరినో ఈ అభిరుచి నుంచి విముక్తులను చేసిన ఘనత దానిదే. దాని చూపుడు రంధ్రం గుండుసూది తలంత. కన్ను కటకానికి ఆనుకుంటే తప్ప ఏమీ కనబడదు, ఆనుకుంటే సొంత కనురెప్ప వెంట్రుకలు కనబడతాయి. దానికి బార్లో తగిలించి 525కు చేరినవారికి మరో అనుభవం సిద్ధం. ఐపీసు దృశ్యక్షేత్రం, అంటే అందులో కనబడే వృత్తం వెడల్పు, 30 డిగ్రీలు అనుకుంటే, దాన్ని 525తో భాగించగా 525 రెట్ల దగ్గర కనబడే ఆకాశం డిగ్రీలో పదిహేడో వంతు. భూభ్రమణం వల్ల గురుడు ఆ కిటికీలో ఒక అంచు నుంచి ఇంకో అంచుకు సుమారు 14 సెకన్లలో దాటిపోతాడు. ఫోకస్ మర తిప్పగానే సన్నకాళ్ళ స్టాండు వణకడం మొదలుపెడుతుంది. ఆ వణుకు తగ్గేసరికి గురుడు లేడు. మళ్ళీ వెతకాలి. ఈ సాధన కొన్ని రాత్రులు చేసినవారికి గురుడి మీద మాత్రమే కాదు, సౌరకుటుంబం మొత్తం మీద వైరాగ్యం కలుగుతుంది.

ఈ ఏర్పాటుకు అసలైన శత్రువు ప్లోసెల్ ఐపీస్. వియన్నాకు చెందిన గేయార్గ్ ప్లోసెల్ 1860లో రెండు జంట కటకాలను ఎదురెదురుగా పెట్టి దీన్ని రూపొందించాడు. ఒకటిన్నర శతాబ్దం దాటింది, ఎవరైనా చేసి అమ్మవచ్చు, కాబట్టి చవక. దృశ్యక్షేత్రం 50 డిగ్రీలు, బొమ్మ స్పష్టం. ఇంత తక్కువకు ఇంత బాగుండడం వ్యాపార ధర్మానికి విరుద్ధం. ముఖ్యంగా 32 మి.మీ. ప్లోసెల్ జోలికి కొత్తవారు వెళ్ళకపోవడం మంచిది. సాధారణంగా వాడే 31.7 మి.మీ. గొట్టపు ఐపీసుల్లో ఇంతకన్నా ఎక్కువ ఆకాశం చూపించేది దాదాపు లేదు. మన 700 మి.మీ. టెలిస్కోపులో అది 22 రెట్లే ఇస్తుంది, కాని రెండు డిగ్రీలకు పైగా ఆకాశం పరుస్తుంది. నాలుగు నిండు చందమామలు వరసగా పట్టేంత. కృత్తికలు మొత్తం ఒకేసారి లోపలికి వచ్చేస్తాయి. దేవయాని గెలాక్సీ మూడు డిగ్రీల పొడవు సాగుతుంది. దాన్ని 525 రెట్లతో చూడబోయేవారికి దాని లోపల ఎక్కడో ఒక బూడిదరంగు ముక్క దొరుకుతుంది, దొరికిందని తెలియదు కూడా. 32 మి.మీ. వాడేవాడికి మొదటి రాత్రే ఏదో ఒకటి కనబడిపోతుంది. కనబడినవాడు సంతోషపడతాడు. సంతోషపడినవాడు ఇంకేమీ కొనడు.

అదృష్టవశాత్తు ప్లోసెల్‌కు ఒక లోపం ఉంది. కన్నును ఎంత దూరంలో ఉంచి చూడవచ్చనేది దాని నాభ్యంతరంలో సుమారు మూడింట రెండు వంతులు. 25 మి.మీ.లో హాయిగా ఉంటుంది, 6 మి.మీ.లో నాలుగు మి.మీ.కు దిగిపోతుంది. కళ్ళజోడు తీయలేనివారికి 15 నుంచి 20 మి.మీ. దూరం కావాలి. హ్రస్వదృష్టి, దీర్ఘదృష్టి ఉన్నవారు జోడు తీసేసి ఫోకస్ తిప్పుకుంటే సరిపోతుంది. ఆస్టిగ్మాటిజం, అంటే కంటి వంపు అన్ని వైపులా సమంగా లేని లోపం, బాగా ఉన్నవారికే తంటా. అలాంటివారి కోసం 60 డిగ్రీలు దాటిన క్షేత్రంతో, కంటికి ఎడమిచ్చే 6, 9 మి.మీ. ఐపీసులు చవకలోనే వస్తున్నాయి. నాభ్యంతరం వ్యాసానికి పది రెట్లున్న టెలిస్కోపులో అవి బుద్ధిగా ఉంటాయి. అయిదు రెట్లే ఉన్న పొట్టి గొట్టంలో అంచు దగ్గరి నక్షత్రాలకు తోకలు మొలుస్తాయి. ఒక్క రాత్రిలో అన్ని తోకచుక్కలు చూసిన భాగ్యం హెర్షెల్‌కు లేదు.

బార్లోను అన్యాయంగా ఆడిపోసుకోకూడదు. 1830లలో పీటర్ బార్లో అనే గణితవేత్త పేరు మీద వచ్చిన గౌరవనీయమైన కటకం అది. రంగుల దోషం సరిదిద్దిన రెండు రెట్ల గాజు బార్లో ఒకటి ఉంటే ఉన్న ఐపీసులు రెట్టింపు అయినట్టే. 25, 10 మి.మీ. కొన్నవాడికి 12.5, 5 కూడా చేతికొస్తాయి. పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ మూడు రెట్లది వేరే జాతి. ఎస్ఆర్ 4కు దాన్ని తగిలించడం గోరుచుట్టు మీద రోకటి పోటు. ఇక 20, 10 ఐపీసులు కొని, వాటికి రెండు రెట్ల బార్లో చేర్చేవారూ ఉన్నారు. వారికి 10 మి.మీ. రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి పోయినా రెండోది ఉంటుందన్న భరోసా.

ఇప్పుడు అల్యూమినియం పెట్టె. అయిదారు ఐపీసులు, ఒక బార్లో, అరడజను రంగు ఫిల్టర్లు, నల్లటి స్పాంజి గుంటల్లో ఒదిగి ఉంటాయి. మూత తెరిచి చూపించడంలో ఉన్న ఆనందం ఐపీసులోంచి చూడడంలో లేదని అనుభవజ్ఞులు రహస్యంగా ఒప్పుకుంటారు. ఒక్కో పెట్టెలో ఖాళీ గుంట కూడా వదులుతారు. అది ఎవరి కోసమో చెప్పరు. ఆ గుంటను చూస్తూ మనిషి ఎన్ని రాత్రులు నిద్రపోగలడు?

ఫిల్టర్లలో 25వ నంబరు ఎరుపు, వచ్చిన వెలుతురులో సుమారు ఏడో వంతును మాత్రం లోపలికి రానిస్తుంది. కుజుడి మీద వివరాలు తేలడానికి అంటారు. పెద్ద టెలిస్కోపులో తేలతాయి కూడా. 60 మి.మీ. గొట్టంలో కుజుడు అసలే చిన్న చుక్క, ఇప్పుడు చీకటి చుక్క. చంద్రుడి ఫిల్టరు సంగతి ఇంకా రమ్యం. చంద్రకాంతి కంటికి హాని చేయదు, కాసేపు మిరుమిట్లు గొలుపుతుంది అంతే. ఆవర్ధనం పెంచినా, పక్కన దీపం వేసుకున్నా తగ్గుతుంది. కాని దీపం ఇంట్లో ఉన్నదే. ఉన్నదాన్ని వాడుకోమని సలహా ఇస్తే పరిశ్రమకు ఏమి మిగులుతుంది? ఆక్సిజన్-3 ఫిల్టరు మాత్రం నిజంగా పనిమంతురాలు. 496, 501 నానోమీటర్ల దగ్గరి వెలుగును వదిలి మిగతాదాన్ని ఆపేస్తుంది కాబట్టి కొన్ని నీహారికలు చీకట్లోంచి లేచి వస్తాయి. గెలాక్సీల మీద అది పనిచేయదు, వాటిది నక్షత్రాల వెలుగు, అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది. ఈ చిన్న తేడా పెట్టె మీద రాయడానికి చోటు చాలదు, 525 చాలా స్థలం తినేసింది.

ఇక్కడ ఒక్క పేరా వ్యంగ్యానికి సెలవు. పాత కిట్లలో ఐపీసుకు మరతో బిగించే సూర్యుడి ఫిల్టరు ఉంటే దాన్ని పగలగొట్టి పారేయండి. వస్తుకటకం కేంద్రీకరించిన వేడి సరిగ్గా అక్కడే పడుతుంది, గాజు చిట్లితే కన్ను పోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు భాగం మొత్తాన్ని కప్పే, అందుకోసమే చేసిన ఫిల్టరు మాత్రమే వాడాలి. గురి చూడడానికి పక్కన ఉండే చిన్న గొట్టానికి, అంటే ఫైండరుకు మూత పెట్టాలి, లేదా దాన్ని ఊడదీయాలి.

సెలవు ముగిసింది. కటకం బదులు అద్దంతో వెలుతురు పోగుచేసే పరావర్తన టెలిస్కోపులో అద్దాలు ఒక వరసలో ఉన్నాయో లేదో చూసుకోవడానికి లేజర్ పరికరాలు అమ్ముతారు. చవక లేజర్ కిరణం తన గొట్టంలోనే వంకరగా కూర్చుని ఉండవచ్చు, అప్పుడు అది అద్దాలను తన వంకరకు తగినట్టు సర్దిస్తుంది. లేజర్‌ను సరిచేయడానికి ఇంకో పరికరం కావాలి. ఇది వస్తువు కాదు, వంశవృక్షం. నడిమధ్యలో సన్న రంధ్రం చేసిన మూత ఒకటి ఐపీసు పెట్టే ఫోకసరులో బిగించి కంటితో చూసుకున్నా ఈ పని అవుతుందని కొందరు ప్రచారం చేస్తున్నారు. పాత ఫిల్ము డబ్బా మూతలు అందుకు వాడేవారట. ఇటువంటి మాటలు బయటికి పొక్కకూడదు.

జూమ్ ఐపీసులు, 8 నుంచి 24 మి.మీ. వరకు తిరిగేవి, ఒకే ఐపీసుతో సరిపెట్టుకోదలచినవారికి నయమే. ఎక్కువ ఆకాశం కావలసిన 24 మి.మీ. దగ్గరే క్షేత్రం ముడుచుకుపోతుందన్న ఒక్క చమత్కారం తప్ప. చీకటికి కన్ను అలవాటు పడడానికి 20, 30 నిమిషాలు పడుతుంది కాబట్టి ఎర్ర దీపం అవసరం. టార్చికి ఎర్ర కాగితం చుట్టినా అదే పని అవుతుంది, ఫోను తెర ఒక్కసారి వెలిగినా అదే పని చెడుతుంది. కుర్చీ గురించి నిపుణులు చెప్పేది దురదృష్టవశాత్తు నిజం. మెడ వంచి నిలబడినవాడికన్నా కుదురుగా కూర్చున్నవాడికి గురుడి పట్టీలు ఎక్కువ కనబడతాయి. కాని దానికి 31.7 మి.మీ. గొట్టం లేదు. ఫోకసరులో పట్టని వస్తువును అనుబంధ వస్తువుగా ఈ పరిశ్రమ ఎన్నటికీ గుర్తించబోదు.

కొందరు ఇంకా దిగజారి, వాడిన ఐపీసులు కొనుక్కోమంటున్నారు. గాజుకు గీతలు లేకపోతే, బూజు పట్టకపోతే పాతదానికీ కొత్తదానికీ ఆకాశం తేడా చూపించదు, అది వాస్తవమే. అమ్మకానికి వచ్చే అల్యూమినియం పెట్టెలకు కూడా కొదవ లేదు. వాటిలో ఐపీసులు కొంచెం అరిగి ఉంటాయి. నారింజ రంగు ఫిల్టరు మీద వేలిముద్ర మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.